బుడంకాయ దొంగయిన సాయంత్రం

ఆటలో అరటిపండు అంటే ఏమిటో తెలియనివాళ్లు ఈ లోకంలో ఉంటారని టైలరమ్మ ఎప్పుడూ అనుకోలేదు. ఆ తెలియనివాళ్లలో తన కూతురే ఒకతె అవుతుందని అసలే అనుకోలేదు.

అరటిపండంటే మరేం లేదు. చిన్నపిల్లని ఆటలోకి రానివ్వకపోతే ఏడుస్తుంది, పెద్దవాళ్లు వచ్చి చీవాట్లు పెడతారు. రానిస్తే ఆట పాడవుతుంది. అందుకని పేరుకి రానిస్తారు. పంటలు వేసుకునేటప్పుడు ఆ పిల్ల కూడా అందరితోపాటు చెయ్యి కలుపుతుంది, కానీ ఆ చేతికి లెక్క లేదు. పరుగెడుతుంది, ఎవరూ తరమరు. దాక్కుంటుంది, ఎవరూ వెతకరు. దొరికినా దొంగ కాదు, దొరక్కపోయినా దొర కాదు. దొంగ అంటే ఆటలో వెతికేవాళ్లు, తరిమేవాళ్లు. లోకంలో దొంగని అందరూ తరుముతారు. పిల్లల ఆటలో దొంగే అందరినీ తరుముతుంది. అలా ఎందుకు పెట్టారో పెట్టినవాళ్లకే తెలియాలి.

టైలరమ్మ కూతురు పుట్టినప్పుడు రెండు గుప్పిళ్లలో ఇమిడిపోయేంత ఉంది. నానమ్మ చూసి "ఇదేంటే, బుడంకాయంత ఉంది" అంది. ఆ పేరే ఖాయమైపోయింది. ఇప్పుడు ఆరేళ్లు. నాలుగు నెలలుగా వెనక పెరట్లో పిల్లలతో రోజూ సాయంత్రం ఆడుతోంది, రోజూ నవ్వుకుంటూ ఇంటికొస్తోంది. తాను అరటిపండునని దానికి తెలియదు. కాయ కాస్తా పండైపోయింది, అదీ కాయకి తెలియకుండా! అలా పండుని చేసింది పెరట్లో పిల్లలు కూడా కాదు. కన్నతల్లే చేసింది.

ఎందుకు చేసిందో చెప్పాలంటే ఆమె పని గురించి చెప్పాలి. నాలుగంతస్తుల ఇంట్లో కింద వీధివైపు గది ఆమె షాపు. వెనకవైపు కిటికీ తెరిస్తే పెరడు: సిమెంటు నేల, నీళ్ల మోటారు గది, బట్టలు ఆరేసే తీగలు, గోడకి ఆనించిన సైకిళ్లు. మిషన్ ఆ కిటికీ పక్కనే ఉంటుంది. కొత్త బట్టలు కుట్టే షాపు కాదది. పొడుగైనవి పొట్టి చేయడం, బిగుతైనవి వదులు చేయడం, జిప్పులు మార్చడం, చిరిగినచోట అతుకులు వేయడం. ముఖ్యంగా అతుకులు. ఆమె వేసిన అతుకుని వేలితో తడిమితే తప్ప కంటితో పట్టుకోలేరని వీధి వీధంతా చెప్పుకుంటుంది.

బుడంకాయ గుండెలో పుట్టుకతోనే చిల్లు ఉంది. మూడో ఏట ఆపరేషన్ చేశారు. థియేటర్లోంచి బయటికొచ్చిన పెద్ద డాక్టరు, తల్లికి అర్థమయ్యేలా చెప్పాలని, "ఏం భయం లేదమ్మా, చిల్లు మీద చిన్న అతుకు వేశాం" అన్నాడు పాపం. ఇంకెవరికైనా ఆ మాట ప్రాణం లేచొచ్చేలా చేసేది. టైలరమ్మకి మాత్రం భయం అప్పుడే మొదలైంది. పదిహేనేళ్లుగా అతుకులు వేస్తున్న మనిషి ఆమె. అతుకు ఎప్పుడూ చిరగదు. అతుకు పక్కన గుడ్డ చిరుగుతుంది. కొత్త ముక్క బలానికి పాత గుడ్డ తట్టుకోలేదు. అందులోనూ మోచేతి దగ్గర, మోకాలి దగ్గర, ఎక్కడెక్కడ సాగుతుందో అక్కడే ముందు పోతుంది. మరి గుండెకంటే ఎక్కువ సాగేది ఒంట్లో ఏముంది?

ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. అంటే నిజమైపోతుందేమోనని భయం. ఆ తరువాత ఏడాదికోసారి చూసే డాక్టరమ్మ "పరుగెత్తనివ్వండి, ఆడనివ్వండి, అందరు పిల్లల్లాగే పెంచండి" అని ప్రతిసారీ కాగితం మీద రాసిచ్చేది. టైలరమ్మ ఆ కాగితం మడిచి బొత్తాల డబ్బాలో పెట్టేది. పిల్లని మెట్ల మీద కూడా చంకనెత్తుకునే మోసింది. బుడంకాయ రోజూ కిటికీ చువ్వలు పట్టుకుని పెరట్లోకి చూస్తూ నిలబడేది. చువ్వల గుర్తులు నుదుటి మీద పడేవి.

"ఎన్నాళ్లిలా అద్దాల బీరువాలో బొమ్మలా పెడతావే అమ్మాయ్?" అని అత్తగారు ఓ రోజు గట్టిగానే అడిగింది. అత్తగారిది ఉన్నమాట అనేసే నోరు. ఆ నోటిని ఆపడం ఆమెని కన్నవాళ్లవల్ల కూడా కాలేదు.

అప్పుడు టైలరమ్మ లాయరుతో ఒప్పందం చేసుకుంది.

లాయరంటే మూడో అంతస్తు పిల్ల. పదకొండేళ్లు. రెండు జడలు, వాటికంటే పొడుగు నాలుక. పెరట్లో ఏ ఆటకి ఏ రూలో, ఎవరు ఔటో, ఎవరు తొండి చేశారో ఆ పిల్ల తేల్చాల్సిందే. ఆమె తీర్పు మీద అప్పీలు లేదు.

"మా పిల్లని ఆడించుకోండమ్మా. కానీ తరమొద్దు. దొంగని చెయ్యొద్దు. దానికి తెలియనివ్వొద్దు" అంది టైలరమ్మ.

"అంటే అరటిపండా ఆంటీ?"

"అలాంటిదే."

"కుదరదాంటీ. నాలుగేళ్లలోపు వాళ్లకే అరటిపండు. రూలు."

టైలరమ్మ బల్ల కిందనుంచి ఓ సంచీ తీసింది. అందులో ఎనిమిది గుడ్డ బంతులు. కత్తిరింపుల్లో మిగిలిన ముక్కలన్నీ ఒకదాని మీద ఒకటి బిగించి, పైన మందపాటి గుడ్డతో మూడు వరసలు కుట్టినవి. తగిలితే నొప్పి పుట్టవు, కాలవలోకి దొర్లిపోవు. లాయరు ఒకదాన్ని చేత్తో ఎగరేసి పట్టుకుంది. కాసేపు ఆలోచించింది.

"ఒంట్లో బాగాలేనివాళ్లకి మినహాయింపు ఇవ్వొచ్చు లెండి" అంది. ఎంత లాయరైతేనేం, చేతిలో బంతి పడ్డాక రూలుకి సందు దొరక్కుండా పోతుందా?

అలా నాలుగు నెలలు బ్రహ్మాండంగా గడిచాయి. టైలరమ్మ మిషన్ తొక్కుతూ కిటికీలోంచి చూసేది. కూతురు పరుగెత్తడం, ఎవరూ తరమకపోవడం వల్ల తనంతట తానే ఆగిపోవడం, అందరితోపాటు కేకలు వేయడం. తన తెలివికి తానే మురిసిపోయేది. పామూ చావలేదు, కర్రా విరగలేదు.

ఐదో నెలలో బడినుంచి కబురొచ్చింది. బుడంకాయ టీచరు సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. పిల్లల కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్న టైలరమ్మ ముందు నోటుపుస్తకం తెరిచింది. తేదీలు ఉన్నాయి, గీతలు ఉన్నాయి. కింద ఖాళీ.

"మీ అమ్మాయికి అక్షరాలన్నీ వచ్చు. అడిగితే నోటితో చెబుతుంది. రాయమంటే మాత్రం రాయదు" అంది టీచరు.

"ఎందుకండీ?"

"తప్పు పోతుందేమోనని. చెక్కముక్కలు పేర్చే ఆట ఇస్తాం. మిగతా పిల్లలది కూలిపోతే నవ్వి మళ్లీ పేరుస్తారు. దీనిది బడి తెరిచిన వారంలో ఒకసారి కూలింది. ఇంతవరకూ మళ్లీ ముట్టుకోలేదు. ఎవరైనా చేతిలోది లాక్కుంటే ఇచ్చేస్తుంది. గొడవ కూడా పడదు."

"బుద్ధిమంతురాలండీ" అంది టైలరమ్మ.

"బుద్ధి కాదమ్మా అది. ఎలా దెబ్బలాడాలో తెలియదు. ఇంటి దగ్గర పిల్లలతో ఆడుతుందా?"

"అయ్యో, రోజూ ఆడుతుందండీ! నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా ఔట్ కాలేదు" అంది టైలరమ్మ. ఆ అనడంలో కొంచెం గర్వం కూడా ఉంది.

టీచరు పెన్ను మూత పెట్టింది. "ఒక్కసారి కూడానా?"

టైలరమ్మ నోటుపుస్తకం మూసి టీచరు వైపు జరిపింది.

"ఓడిపోవడం పిల్లలు ఎక్కడో ఓ చోట నేర్చుకోవాలి కదమ్మా. ఆటలో అయితే దెబ్బ తక్కువ తగులుతుంది. ఈరోజు ఓడినా రేపు మళ్లీ ఆడనిస్తారు" అంది టీచరు.

దారి పొడుగునా టైలరమ్మ మనసులో టీచరుని కడిగేసింది. ఒడ్డున కూర్చున్నవాళ్లకేం, ఎన్నైనా చెబుతారు. ఆపరేషన్ గది బయట ఆరుగంటలు కూర్చున్నది టీచరు కాదు కదా! కానీ ఎంత తిట్టుకున్నా ఆ ఖాళీ పేజీలు కళ్లముందు నుంచి పోలేదు. ఎందుకు పోలేదంటే టీచరు చెప్పింది నిజం కాబట్టి.

ఆ వారంలోనే పిల్లలు దాగుడుమూతలు ఆడారు. రెండో అంతస్తు కవలల్లో పొట్టిది దొంగ. బుడంకాయ మోటారు గది వెనక దాక్కుంది. పొట్టిది అంకెలు లెక్కపెట్టి, ఒక్కొక్కరినీ పట్టుకుంటూ మోటారు గది దాకా వచ్చింది, లోపలికి తొంగి చూసింది, తిరిగి వెళ్లిపోయింది. ఆట అయిపోయింది. ఇంకో ఆట మొదలైంది. అదీ అయిపోయింది. చీకటి పడుతుందని తల్లులు పైనుంచి కేకలేశారు. అప్పటికి బుడంకాయ లోపలికొచ్చింది. ముఖంలో నవ్వు లేదు.

"అమ్మా, నేను కనిపిస్తున్నానా?"

"అదేం ప్రశ్నే? ఎందుకు కనిపించవు?"

"పొట్టక్క నన్ను చూసింది. ఇంత దగ్గరగా. అయినా నా పేరు చెప్పలేదు."

"బాగా దాక్కున్నావన్నమాట!" అంది టైలరమ్మ, దారం కొరుకుతూ.

"లేదమ్మా. మళ్లీ వచ్చినప్పుడు నేను బయటికొచ్చి నిలబడ్డా. నవ్వా కూడా. నన్ను దాటుకుని వెళ్లిపోయింది."

టైలరమ్మ చేతిలో సూది ఆగిపోయింది.

"నానమ్మా, అరటిపండంటే ఏంటి? పండు కాదు, ఆటలోది. పొట్టక్క నన్ను అదంది" అని పిల్ల నానమ్మ వైపు తిరిగింది.

అత్తగారు ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. లెక్కలో లేని చెయ్యి, ఎవరూ తరమని పరుగు, అంతా. చెప్పి, "ఎవరే నిన్ను అరటిపండుని చేసింది? వాళ్ల పని చెబుతా" అని చీర కొంగు బిగించింది.

"లాయరక్కని అడిగా" అంది బుడంకాయ. తల్లి వైపు చూసింది. "అమ్మ చేసిందంట."

ఏడిస్తే బాగుండేది. ఏడిస్తే ఎత్తుకోవచ్చు, బుజ్జగించవచ్చు, ఏదో ఒకటి చెప్పి నిద్రపుచ్చవచ్చు. పిల్ల ఏడవలేదు. నిలబడి చూసింది. టైలరమ్మకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అత్తగారు బిగించిన కొంగుని మెల్లగా వదిలేసింది.

"నేను ఇంక ఆడను. దొంగని చేస్తేనే ఆడతా" అంది బుడంకాయ.

అన్నది అన్నట్టే చేసింది. మర్నాడు సాయంత్రం పెరట్లో మెట్టు మీద కూర్చుంది. కిటికీ వైపు వీపు పెట్టి. లాయరు వచ్చి పిలిచింది, రాలేదు. కవలలు గుడ్డ బంతి ఒళ్లో వేశారు, తీసి పక్కన పెట్టింది. రెండో రోజూ అంతే. మూడో రోజు తుంపర పడుతున్నా కదల్లేదు, జుట్టంతా ముత్యాలు. తండ్రి డ్యూటీ నుంచి వచ్చి, పిల్లని చూసి, భార్యని చూసి, "పట్టుదలలో అచ్చం నీ పోలికే" అనేసి గబగబా లోపలికి వెళ్లిపోయాడు. తెలివైన మనిషి.

ఆ వీపుని మూడు రోజులు చూశాక టైలరమ్మ షాపు మూసి, పిల్లని తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. చూపించాల్సిన నెల ఎలాగూ దగ్గర పడింది. పరీక్షలన్నీ అయ్యాక, పిల్లని బయట నర్సు దగ్గర కూర్చోబెట్టి, మూడేళ్లుగా గుండెల్లో దాచుకున్న మాట బయట పెట్టింది. అతుకు చిరగదు, అతుకు పక్కన చిరుగుతుంది, అని.

డాక్టరమ్మ నవ్వలేదు. అందుకు టైలరమ్మ ఆమెకి ఎంతో రుణపడింది.

"ఈ మాట మూడేళ్ల కిందటే అడగాల్సింది మీరు" అంటూ ఇందాక తీసిన స్కాన్ తెర మీద పెట్టి ఆమె వైపు తిప్పింది. నలుపూ తెలుపూ మసకలో బుడంకాయ గుండె తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. "అతుకు ఎక్కడుందో చూపించండి. మీరు అతుకుల్లో ఆరితేరినవారు కదా."

టైలరమ్మ ముందుకి వంగింది. కళ్లు చిట్లించింది. ఎంత చూసినా తెలియలేదు.

"మీరు వేసేది గుడ్డమీద. గుడ్డకి ప్రాణం లేదు, ఎంత అతికినా అది అదే, ఇది ఇదే. ఇక్కడ అలా కాదు. అతుకు మీద ఒంటి పొర అల్లుకుంటుంది. మీ అమ్మాయికి ఎప్పుడో అల్లుకుపోయింది. ఇది ఇప్పుడు అతుకు కాదమ్మా, గోడ."

"పరుగెత్తితే ఆయాసం రాదా అండీ?"

"వస్తుంది. నాకూ వస్తుంది, మీకూ వస్తుంది. కూర్చుని నీళ్లు తాగితే పోతుంది. నేను కాగితం మీద రాసిచ్చినవన్నీ ఏం చేశారు?"

"భద్రంగా దాచానండీ" అంది టైలరమ్మ, బొత్తాల డబ్బా మాట ఎత్తకుండా.

తెలిసింది కదా అని భయం పోతుందా? పోలేదు. బస్సులో ఇంటికొస్తున్నంతసేపూ అది ఆమె పక్క సీట్లోనే కూర్చుంది. కానీ ఒకటి మాత్రం తేలిపోయింది. ఇన్నాళ్లూ ఆ భయం పిల్లదని చెప్పుకుంటూ వచ్చింది. అది తనది. తన భయాన్ని తాను మోసుకోవాలి గాని ఆరేళ్ల పిల్ల నెత్తిన పెట్టకూడదు. భయం పోయాక వదులుదాం అనుకుంటే ఈ జన్మకి కాదు. భయపడుతూనే వదలాలి.

పిల్లని గుమ్మంలో అత్తగారికి అప్పగించి, తాను లోపలికి వెళ్లకుండానే మూడో అంతస్తు ఎక్కి లాయరు తలుపు కొట్టింది.

"ఒప్పందం రద్దు. రేపటినుంచి మా పిల్ల అందరిలాగే" అంది.

లాయరు చేతులు కట్టుకుంది. "అలా ఊరికే కుదరదాంటీ. అరటిపండు అసలు ఆటలోకి రావాలంటే మొదటిరోజు దొంగవ్వాలి. రూలు."

"అవుతుంది."

"ఇంకోటి. మీరు కిటికీలోంచి అరవకూడదు. జాగ్రత్త, చాల్లే, పడతావ్, ఇలాంటివేవీ. ఒక్క అరుపు వినిపించినా మళ్లీ అరటిపండే. ఇంక జన్మంతా."

"జన్మంతానా?"

"అంటే మేం హైస్కూలుకి వెళ్లేదాకా."

టైలరమ్మ ఒప్పుకుంది. మెట్లు దిగబోతుంటే లాయరు వెనకనుంచి, "బంతులు మాత్రం తిరిగివ్వం ఆంటీ" అంది.

మర్నాడు సాయంత్రం టైలరమ్మ మిషన్ మీద వీధి చివరి పొడుగాయన ప్యాంటు ఉంది. అంచు మడిచి కుట్టాలి, అంతే, కళ్లు మూసుకుని చేసే పని. పక్కన స్టూలు మీద అత్తగారు బొత్తాలు రంగుల వారీగా ఏరుతోంది. కిటికీ తెరిచే ఉంది. మూస్తానని అత్తగారంటే టైలరమ్మ వద్దంది.

బుడంకాయ గోడకి ముఖం పెట్టి పది లెక్కపెట్టింది. పట్టుకునే ఆట. దొంగ ఎవరిని ముట్టుకుంటే వాళ్లు కొత్త దొంగ. పది కాగానే తిరిగింది, పరుగెత్తింది. కవలల వెంట పడింది. వాళ్లు చెరో వైపు చీలిపోయారు. ఎటు వెళ్లాలో తెలియక మధ్యలో నిలబడిపోయింది. లాయరు వెంట పడింది. లాయరు తీగల మీది దుప్పటి కింద దూరి అటువైపు తేలింది. ఎవరో వెక్కిరించారు. ఎవరో చప్పట్లు కొట్టి "ఇక్కడ, ఇక్కడ" అన్నారు. అందరూ ఆమెకంటే పెద్దవాళ్లు, కాళ్లు పొడుగు. నాలుగు నెలలు ఎవరూ తరమని కాళ్లకి తరమడం మాత్రం ఎక్కడ వస్తుంది?

టైలరమ్మ మిషన్ తొక్కుతోంది. కళ్లు కిటికీలో ఉన్నాయి. పిల్ల ముఖం ఎర్రబడింది. నోరు తెరిచి ఊపిరి పీలుస్తోంది. వస్తుంది, నాకూ వస్తుంది, మీకూ వస్తుంది, అని టైలరమ్మ డాక్టరమ్మ మాటలు వల్లించుకుంది. పావుగంట అయింది. ఒక్కరూ దొరకలేదు.

సైకిళ్ల దగ్గర మలుపు తిరుగుతూ పిల్ల పడింది. బోర్లా, రెండు చేతులూ చాచి. మోకాలు చీరుకుపోయింది, రక్తం చారికగా దిగింది.

"ఒసేయ్, నా తల్లీ..." అంటూ అత్తగారు లేచింది. ఆ మాట ఇంకా పెదాలు దాటకముందే టైలరమ్మ చెయ్యి ఆమె నోటి మీద పడింది. గట్టిగా. అత్తగారి నోరు చేత్తో మూయడం ఎంతమంది కోడళ్లకి రాసి పెట్టి ఉంటుందో తెలియదు గాని, టైలరమ్మ ఆ భాగ్యాన్ని అనుభవించే స్థితిలో లేదు. ఆమె కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. బొత్తాలన్నీ నేలమీద దొర్లాయి. మిషన్ మీద కాలు ఇంకా ఆడుతూనే ఉంది, పొడుగాయన ప్యాంటు రెండు కాళ్లూ కలిపి ఒకటే గొట్టంగా కుట్టేస్తోంది.

పెరట్లో పిల్ల లేచింది. మోకాలు చూసుకుంది. కిటికీ వైపు చూసింది. తల్లి కిటికీలో నుంచి చూసింది, ఏమీ అనలేదు. పిల్ల మళ్లీ పరుగు అందుకుంది.

ఇంకో ఐదు నిమిషాలు. అప్పుడు, పెరటి మధ్యలో, బుడంకాయ ఆగిపోయింది. గుండె మీద చెయ్యి వేసుకుంది. నెమ్మదిగా కూర్చుండిపోయింది. తల వాల్చింది.

పెరట్లో ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. టైలరమ్మ ఎప్పుడు లేచిందో, వెనక తలుపు ఎలా తెరిచిందో ఆమెకే తెలియదు. మెడలో టేపు వేలాడుతూ, చెప్పులు లేకుండా, రెండు పెదాలూ పళ్లతో నొక్కిపట్టి పరుగెత్తింది. లోకంలో ఏ రూలూ ఆ క్షణాన ఆమె కాళ్లని ఆపలేదు. కానీ అరవలేదు.

ఆమెకంటే ముందు లాయరు చేరింది. మోకాళ్ల మీద కూలబడి, "ఏమైందే? ఏయ్, ఏమైందే బుడంకాయ్? నొప్పిగా ఉందా?" అని ముఖంలో ముఖం పెట్టింది.

గుండె మీది చెయ్యి లేచింది. లాయరు భుజం మీద టప్పున పడింది.

"దొంగ!" అంది బుడంకాయ.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక పెరడు పగిలిపోయింది. "తొండి! తొండి!" అని అందరూ ఒకేసారి. లాయరు ముఖం పాలిపోయి, ఆపైన కందగడ్డైంది. కవలలు టైలరమ్మ వైపు వేలు చూపించి, "ఆంటీ వచ్చేసింది! రూలు తప్పింది! మళ్లీ అరటిపండే!" అని గంతులేశారు.

"కాదు" అంది లాయరు, పళ్లు కొరుకుతూనే. "అరవకూడదన్నాం. పరుగెత్తకూడదనలేదు. ఆంటీ అరవలేదు." ఎంత కోపమొచ్చినా ధర్మం తప్పని పిల్ల. వెంటనే టైలరమ్మ వైపు తిరిగింది. "కానీ ఇది తొండి కాదా? మీరే చెప్పండాంటీ. మీరేం చెబితే అది."

గుండె మీద చెయ్యి వేసుకోవాల్సింది నిజానికి టైలరమ్మ. కూతుర్ని ఒక్కటి వేయాలనిపించింది. ఒళ్లోకి లాక్కుని ముద్దులతో ముంచెత్తాలనీ అనిపించింది. బుడంకాయ నేలమీద కూర్చుని తల్లిని చూస్తోంది. చెమటతో, దుమ్ముతో, మోకాలి మీద రక్తంతో, చేసిన వెధవ పనికి కళ్లు మెరిసిపోతూ. ఇంత తెలివి ఎప్పుడొచ్చింది దీనికి? లోకమంతా దేనికి భయపడుతుందో దాన్నే పట్టుకుని ఆడుకుంది. మూడేళ్లు తల్లి వణికిపోయిన ఆ చోటుని తీసి ఆటలో పావుగా పెట్టేసింది.

పోనీలే చిన్నపిల్ల, అనడం ఎంత సులువు! నోటి చివరికొచ్చింది కూడా. ఆ ఒక్క మాట అంటే పిల్ల మళ్లీ అరటిపండే. ఈసారి జన్మంతా.

"తొండే" అంది టైలరమ్మ.

బుడంకాయ ముఖంలో వెలుగు పోయింది. "ఏంటీ?"

"తొండే. గుండె మీద చెయ్యి నిజంగా నొప్పొస్తేనే వెయ్యాలి. ఉత్తుత్తికి వేస్తే, నిజంగా వచ్చినరోజు ఎవరూ రారు. ఇది చెల్లదు. మళ్లీ నువ్వే దొంగవి."

"నేనొప్పుకోను!" పిల్ల లేచి నిలబడి కాలు నేలకేసి కొట్టింది. "ముట్టుకున్నా కదా! ఎలా ముట్టుకుంటే ఏంటి? లాయరక్క దుప్పటి కింద దూరలేదా? నువ్వు మా అమ్మవా, వాళ్లమ్మవా?" ఆ గొంతు నాలుగో అంతస్తు దాకా వినిపించింది. ఆ పిల్ల అంత గట్టిగా అరవగలదని తల్లికి కూడా ఆ రోజే తెలిసింది.

"మీ అమ్మనే. అందుకే చెబుతున్నా. తొండి తొండే."

బుడంకాయ ముక్కుపుటాలు అదిరాయి. కోపంతో ఏడుపొచ్చింది, కారనిచ్చింది. చుట్టూ పిల్లలు నిలబడి చూస్తున్నారు. ఎవరూ అయ్యో అనలేదు. ఎవరూ పోనీ అనలేదు. వెళ్లిపోతుందేమో అనుకుంది టైలరమ్మ. మెట్టు మీద కూర్చుని మళ్లీ కిటికీకి వీపు తిప్పేస్తుందేమో. తాను చేసింది మంచో చెడో తేల్చాల్సింది ఇప్పుడు ఆ పిల్లే. చెయ్యి పట్టుకుని ఆపుదామా అని వేళ్లు లాగాయి. ఆ వేళ్లతో మెడలో టేపుని పట్టుకుని నిలబడింది.

పిల్ల మోచేత్తో ముక్కు తుడుచుకుంది. లాయరు వైపు తిరిగింది.

"మరి నిలబడతారేంటి? పరుగెత్తండి!" అని అరిచింది.

అందరూ పరుగెత్తారు. ముందు లాయరు. నిజంగా పరుగెత్తారు, ప్రాణభయంతో పరుగెత్తినట్టు. వెనక బుడంకాయ, కుంటుతూ, తిట్టుకుంటూ, వదలకుండా.

టైలరమ్మ మోటారు గది అరుగు మీద కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో చూసేవాళ్లకి తెలిసే వీలు లేదు. రెండూ చేస్తోంది. కిటికీలోంచి అత్తగారు సగం బయటికి వంగి, నోరు తుడుచుకుంటూ అడిగింది.

"ఏమైందే అమ్మాయ్? ఎవరు గెలిచారు?"

"ఇంకా ఎవరూ గెలవలేదత్తయ్యా" అంది టైలరమ్మ. "మనదే దొంగ."